నల్లగుట్టకు పడమర

హైదరాబాదు,
15 జూన్ 1997.

వదినమ్మకు ముద్దుకృష్ణ నమస్కారాలు.

నీ జాబు చేరింది. “రాళ్ళు సూడ్డానికి ఆకాశమెక్కాల్నా నాయనా, మన ఊర్లో అయితే తల వంచుకుంటే సాలు గదా” అని రాశావు చూడు, ఆ ముక్క ఆఫీసులో అందరికీ చదివి వినిపించాను. మా పై అధికారి కూడా నవ్వాడు. ఆయన నవ్వడం నేను చూడటం అదే మొదలు.

అడిగావు కాబట్టి చెబుతాను, విసుక్కోకుండా విను. ఉపగ్రహం పైనుంచి తీసిన బొమ్మను పెద్ద ఫిల్ము మీద అచ్చు వేసి మాకిస్తారు. కింద దీపాలు వెలిగే గాజుబల్ల మీద దాన్ని పరిచి, పైన ఇంకో పల్చటి ఫిల్ము వేసి, ఏ రాయి ఎక్కడిదాకా ఉందో పెన్సిలుతో గీతలు గీస్తాం. గ్రానైటుది ఒక తీరు, చారల రాయిది ఇంకో తీరు. రంగులు మాత్రం నువ్వనుకునేవి కావు. పచ్చటి పైరు ఎర్రగా వస్తుంది. చెరువులో నీళ్ళు నల్లగా వస్తాయి. మొదట్లో నాకూ తల తిరిగింది.

పోయిన వారం మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు బొమ్మ నా బల్ల మీదికే వచ్చింది. పని పక్కనపెట్టి మన ఊరు వెతుక్కున్నాను. మన ఇల్లు కనబడదు వదినా. ఆ బొమ్మలో ఒక్క చుక్క అంటే మన నూర్పిడి కళ్ళమంత. ఇల్లు, పశువుల కొట్టం, నువ్వు కళ్ళాపి చల్లే వాకిలి, అన్నీ కలిపి ఒక్క చుక్క. కానీ నల్లగుట్ట కనబడింది. మన భూమిని రెండుగా చేస్తూ ఉత్తరం నుంచి దక్షిణానికి నల్ల దారం పరిచినట్టుంది. దాని మీద వేలు పెట్టి చివరిదాకా జరిపాను.

ఇక అసలు సంగతి. నాయన సంవత్సరీకం అయింది కాబట్టి భూమి పంచుకోవాలని, అన్న రెండు భాగాలు వేశాడని గోపాలస్వామి మామ కబురు పెట్టాడు. పంచేది పెద్దవాడు, కోరుకునేది చిన్నవాడు, అది మన ఆనవాయితీ. నల్లగుట్టతో కలిపి తూర్పు భాగం ఒకటి. ఉలవలు తప్ప ఏమీ పండదు కాబట్టి దానికి విస్తీర్ణం ఎక్కువ వేశాడు. గుట్టకు పడమర చెనక్కాయల చేను ఇంకోటి. నేను తూర్పు కోరుకుంటున్నానని మామకు ఈరోజే రాసి పంపుతున్నాను.

ఎందుకో నీకొక్కదానికే చెబుతున్నాను. నల్లగుట్ట పైకి కనబడేది కొంచెమే. ఆ రాయి భూమిలోకి గోడలాగా దిగి ఉంటుంది. మన వైపు వాలు పడమర నుంచి తూర్పుకు. ఇంకిన వాన నీళ్ళు కిందికిందనే నడిచి వచ్చి ఆ గోడకు తగిలి ఆగిపోతాయి, చెరువు కట్టకు లోపల నిలిచినట్టు. గుట్టకు పడమటి అంచున, కానుగ చెట్టున్న పల్లంలో, ఎండాకాలం తీసిన బొమ్మలో కూడా సన్నటి ఎర్ర గీత ఉంది. అంటే పచ్చదనం. అంటే కింద తడి. మన తాత బావిని గుట్టకు తూర్పున తవ్వించాడు, అందుకే అది ఎప్పుడూ ఎండేది.

అన్న బడి మాని మడక పట్టి దున్నాడు కాబట్టి నేను చదివాను. నీళ్ళున్న చేను అన్నకే ఉండాలి. ముందే చెప్పానంటే తీసుకోడు. ఎవరన్నా ఇస్తే పుచ్చుకోవడం ఆయనకు చేతకాదు, నీకు తెలియంది కాదు. రిజిస్ట్రేషన్ అయ్యాక నేనే వచ్చి కానుగ చెట్టు కింద నిలబడి చెబుతాను. అందాకా నీ నోట రానీయకు.

చిన్నాయన అడిగాడని రూపకు చెప్పు. బొమ్మ ముక్క ఒకటి దానికి పంపుతున్నాను, బడిలో చూపించుకుంటుంది.

నీ చేతి ఉలవచారుకు మొహం వాచిన
ముద్దుకృష్ణ.


బోడిగుట్టపల్లె, చౌడేపల్లె దారి,
12 జూలై 1997.

చిరంజీవి ముద్దుకృష్ణకు వదిన దీవెనలు.

రూప ఆ ఎర్ర బొమ్మ బడికి తీసుకుపోయింది. వాళ్ళ టీచరు దాన్ని తలకిందులుగా పట్టుకుని చాలా బాగుందని మెచ్చుకుందట.

రచ్చబండ దగ్గర నీ జాబు చదివారు. ‘తూర్పు భాగం నాకు’ అని గోపాలస్వామి మామ ఒకసారి చదివి, తప్పు చదివానేమోనని మళ్ళీ చదివాడు. నువ్వు చెనక్కాయల చేనే కోరుకుంటావని ఊరంతా అనుకుంది. మీ అన్న కూడా. ఆయన ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని ముద్ద నోట్లో పెట్టుకోలేదు. “నాకేమో మంచి సేను వదిలేసి రాళ్ళు తీసుకునె సూడుమే వాడు. పంచేటప్పుడే నేను ఇంగా మేలుగా పంచాల్సింది” అని కళ్ళు తుడుచుకున్నాడు. ఇన్నేళ్ళలో నీ అన్న కంట తడి చూడటం నాకిది రెండోసారి. మొదటిది నువ్వు పదో తరగతి ప్యాసైనప్పుడు.

నా నోరు ఎట్లా ఆగిందో ఆ దేవుడికే తెలుసు. నీళ్ళ మాట గొంతుదాకా వచ్చింది, మింగేశాను. ఇట్లాంటి పనులు నాకు పెట్టొద్దు నాయనా. ఉప్పెక్కువైందా అని ఎవరైనా అడిగితేనే నా మొహం చెప్పేస్తుంది.

ఆషాఢంలో ఎవరూ కాగితాల మీద చెయ్యి పెట్టరు గనక రిజిస్ట్రేషన్ శ్రావణానికి వేశారు. నువ్వు తప్పకుండా రావాలి. ఉలవచారు కాచి పెడతాను.

నీ వదిన
రాజేశ్వరమ్మ.


ఖమ్మం,
20 ఆగస్టు 1997.

వదినా,

శ్రావణానికి రాలేకపోతున్నాను, కోప్పడకు. ఇక్కడి అడవుల్లో తిప్పుతున్నారు. బల్ల మీద గీసిన గీతను నేల మీద నడిచి చూస్తే తప్ప ఖాయం చేయకూడదు, అది మా పనిలో కట్టుబాటు. రోజూ సుత్తి పట్టుకుని ఊరివాళ్ళ రాళ్ళు పగలగొడుతున్నాను, మన రాయి దగ్గరికి వచ్చే తీరికే లేదు. కార్తీకంలో వస్తాను. రిజిస్ట్రేషన్ అప్పుడే పెట్టుకుందామని అన్నకు చెప్పు. ఇన్నాళ్ళు ఆగింది, ఇంకో రెండు నెలలకు ఏమవుతుంది?

ముద్దుకృష్ణ.


బోడిగుట్టపల్లె,
28 సెప్టెంబరు 1997.

ముద్దుకృష్ణకు,

ఏమవుతుంది అని రాశావు గదా. అయింది, విను.

కుప్పం నుంచి గ్రానైటు ఏజెంటొకడు జీపులో వచ్చాడు. మన నల్లగుట్టను సుత్తితో కొట్టి, సీసాలో నీళ్ళు పోసి తడిపి, అది నల్లగా మెరుస్తుంటే వంగి వంగి చూశాడు. ఈ జాతి రాయికి కుప్పంలో మంచి గిరాకీ అన్నాడు. ఇదెవరిది అని అడిగితే చుట్టూ చేరినవాళ్ళు నీ పేరు చెప్పి, నీ ఉద్యోగం కూడా చెప్పారు. వాడు నవ్వి, “ఇంగేం, ఆయప్ప పైనించే సూసుకోని కోరుకున్నాడు” అన్నాడు. ఆ ఒక్క మాట చాలింది. సాయంత్రానికి ఊరంతా అదే.

మీ అన్న మొదట వాళ్ళ మీద కేకలేశాడు. ఇంటికి వచ్చాక నన్ను కారణం అడిగాడు, “నిజం సెప్పుమే, వాడు ఆ రాళ్ళు యాల కోరుకున్నెట్ల?” అని. ఇక నేను దాచలేదు. నీళ్ళ సంగతి, కానుగ చెట్టు సంగతి, నువ్వు రాసిందంతా చెప్పాను. చెబితే మనసు కుదుటపడుతుందనుకున్నాను. ఆయన నా మొహం చూసి, “ఇది నీకు ముందే తెల్సునా?” అన్నాడు. తెలుసన్నాను. “ఇన్ని దినాలు మీరిద్దరూ తెల్సుకోని, నన్నొక్కణ్ణి తెలీనోణ్ణి జేసినారా?” అన్నాడు. అంతే, లేచి పోయాడు. అప్పట్నుంచి అడిగినదానికి అవును, కాదు తప్ప మాట లేదు.

భాగాలు మార్చాలంటున్నాడు. తూర్పు తనకు కావాలట. “వాడు నీళ్ళు నాకిచ్చేంత దాత అయితే, రాళ్ళు కూడా ఇయ్యమను సూద్దాం” అన్నాడు. ఈ మాట కటువుగా ఉందని తెలుసు. అన్నది అన్నట్టు రాయకపోతే తర్వాత నువ్వూ నన్ను అంటావు. వెంటనే జవాబు రాయి.

వదిన.


హైదరాబాదు,
10 అక్టోబరు 1997.

వదినా,

నీ జాబు చదివి రెండు పూటలు అన్నం తినలేదు. అన్న నన్ను అట్లా అనుకోగలడా?

ఈ జాబు అన్నకు చదివి వినిపించు. నల్లగుట్ట రాయి జాతిదే. కానీ దాన్ని అడ్డంగా కోస్తూ పగుళ్ళు పోయాయి, బొమ్మలో గీతలు గీతలుగా కనబడుతున్నాయి. దిమ్మలుగా తీయబోతే ముక్కలవుతుంది. ఏజెంటు పైన నీళ్ళు పోసి చూశాడు, పగులు లోపల ఉంటుంది. నేను తవ్వి చూడలేదు, ఒట్టు వేసి చెప్పలేను. చెప్పగలిగిందల్లా ఇది: నీళ్ళు పడమరే ఉన్నాయి. ఉత్త రాళ్ళు చేతికిచ్చి, నీళ్ళున్న చేను అన్న దగ్గర నుంచి తీసుకోవడం నా వల్ల కాదు. భాగాలు మార్చను. అన్న మంచికే ఈ మాట అంటున్నాను.

నేను తెలివి ఉపయోగించింది అన్నకోసం. ఆ తెలివే అన్నకు కనబడుతోంది, అన్నకోసం అన్నది కనబడటం లేదు.

ముద్దుకృష్ణ.


బోడిగుట్టపల్లె,
2 నవంబరు 1997.

ముద్దుకృష్ణా,

చదివి వినిపించాను. ‘భాగాలు మార్చను’ దగ్గరే ఆయన చెయ్యెత్తి ఆపేశాడు. “ఇయ్యనంటాండాడంటే ఆ రాళ్ళల్లో ఏమో ఉండాదనే గదా” అన్నాడు. తర్వాతి ముక్కలు నేను గోడకు చదివినట్టే.

కార్తీకంలో రావద్దు. ఇప్పుడొస్తే మాట మాట పెరుగుతుంది. నువ్వు ఇచ్చేదేదో నోరు తెరిచి ఇచ్చి ఉంటే ఆయన కాదనేవాడు, నువ్వు బతిమాలేవాడివి, ఇద్దరూ రెండు రోజులు అలిగి మూడోరోజు కలిసి తినేవాళ్ళు. మీ ఇంట్లో మగవాళ్ళకు ప్రేమ కూడా దొంగతనంగానే చేయాలి కాబోలు. నన్ను మధ్యలో పెట్టావు. తిట్టడం లేదు నాయనా, ఏడుస్తున్నాను.

రాజేశ్వరమ్మ.


హైదరాబాదు,
21 ఫిబ్రవరి 1999.

వదినమ్మకు,

రిజిస్ట్రేషన్‌కు పుంగనూరు దాకా వచ్చి ఇంటికి రాకుండా పోయానని నువ్వు బాధపడి ఉంటావు. రమ్మని అన్న అనలేదు. పిలిస్తే గానీ ఆ వాకిట్లోకి రాలేని రోజు నాకు వస్తుందని అనుకోలేదు.

‘ఆ రాళ్ళేవో ఆయన మొహాన పారెయ్యి, నాకు మనిషి మిగిలితే చాలు’ అని నువ్వు రాశాకే నేను మెత్తబడ్డాను. తూర్పు అన్న పేర, పడమర నా పేర రాయించి సంతకాలు పెట్టాం. ఆఫీసు వరండాలో ఒకే బెంచీ మీద చెరో చివర కూర్చున్నాం. గోపాలస్వామి మామ మధ్యలో కూర్చుని ఇద్దరికీ వానల గురించి చెప్పాడు. అన్న జుట్టు నెరిసింది. చొక్కా గుండీ ఊడి ఉంది, నువ్వు చూసుకోలేదా?

ఒక్కటి చెప్పాలి. బస్సు కదిలేటప్పుడు నేను కిటికీ పక్కన కూర్చున్నాను. నా సంచి బస్టాండు బెంచీ మీదే మరిచిపోయాను. అన్న పరుగెత్తుకుంటూ వచ్చి కిటికీలోంచి అందించాడు. నా మొహం చూడలేదు. సంచి మాత్రం జాగ్రత్తగా, అందులో గాజు సామాను ఉన్నట్టు అందించాడు. మదనపల్లె దాకా దాన్ని ఒళ్ళోనే పెట్టుకున్నాను.

కాగితం మీద పడమర నాదే గానీ ఆ చేను మీదే. అన్నే సాగు చేసుకోవాలి. కానుగ చెట్టుకు కొంచెం ఇవతల, గుట్ట వైపు, బావి తవ్వించమని చెప్పు. నా పేరెత్తకుండా చెప్పు, నీకే తోచినట్టు.

ముద్దుకృష్ణ.


బోడిగుట్టపల్లె,
12 జనవరి 2001.

ముద్దుకృష్ణకు దీవెనలు.

రూప ఇంటరు మదనపల్లెలో చదువుతోంది. చిన్నాయన లాగా తనూ రాళ్ళ చదువే చదువుతానంటే వాళ్ళ నాయన ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే ఇప్పుడు ఈ ఇంట్లో పెద్ద మంచి.

గుట్ట సంగతి నీకు ఎవరన్నా చెప్పే ఉంటారు. ఏజెంటు మిషన్లు తెచ్చి ఏడాదిపాటు తవ్వాడు. తీసిన దిమ్మ తీసినట్టే పగిలింది. చివరికి గుట్ట సగం పోయింది, పెద్ద గుంత మిగిలింది, చుట్టూ రాతి చెక్కలు. ఉలవలు పండే నేల కూడా పోయింది. వాడు జీపెక్కి పోయాడు. మీ అన్న ఆ గుంత పక్కనే బోరు వేయించాడు. రాతిపిండి తప్ప ఏమీ రాలేదు.

ఆ రోజు నేనే అన్నాను, “ఏమప్పా, ఇంగన్నా కానుగ సెట్టు కాడ తవ్విద్దామా?” అని. కోపం చేస్తాడనుకున్నాను. చేయలేదు. “వాడు సెప్పిందే నిజమాయె. నేను నమ్మల్యా. ఇబ్బుడు ఏ మొకం పెట్టుకోని వాని నేల్లో నీళ్ళు తీసేది?” అన్నాడు. కోపముంటే ఎప్పటికైనా తగ్గుతుంది. ఈ సిగ్గును నేనేం చేయను?

చేను మాత్రం కంటికి రెప్పలాగా చూస్తున్నాడు. నీ చేనును గుత్తకు చేస్తున్నట్టు లెక్క ఆయనకు. ఈ ఏడు పండిన చెనక్కాయల్లో నీ వంతు ఒక మూట కట్టాడు. మంచివి ఏరి, తానే మూతి కుట్టి, అలావుద్దీన్ వ్యాన్లో మదనపల్లెకు పంపి, అక్కణ్ణుంచి నీకు పార్సిలు వేయించాడు. అలావుద్దీన్ తెలుసు గదా, టమోటాలు వేసుకుని కుప్పం, మదనపల్లె తిరుగుతాడు, మీ అన్నతో బడిలో కూర్చున్నాడు. మూట అందగానే నాలుగు ముక్కలు రాయి.

వదిన.


హైదరాబాదు,
6 ఫిబ్రవరి 2001.

వదినా,

మూట అందింది. ఇది ఏం పని? అన్న దగ్గర నేను గుత్త తీసుకునేవాణ్ణా? ఆ చేను నాది కాదని ఎన్నిసార్లు రాయాలి? నేను తింటే ఆ లెక్క ఒప్పుకున్నట్టవుతుంది. కుట్టు విప్పకుండా మూట వెనక్కి పంపుతున్నాను. విత్తనానికి ఉంచుకోండి.

ముద్దుకృష్ణ.


బోడిగుట్టపల్లె,
3 మార్చి 2001.

ముద్దుకృష్ణా,

చదువుకున్నవాడివి, ఇంత పని ఎట్లా చేశావు?

మూట వ్యానులోంచి దించగానే మీ అన్న కుట్టు తడిమి చూశాడు. తాను వేసిన కుట్టు తాను వేసినట్టే ఉంది. “నా సేతి సెనక్కాయలు కూడా వానికి పనికి రాల్యా” అని ఒక్క మాటన్నాడు. అది గుత్త కాదురా. ఆయనకు క్షమించమని అడగటం రాదు, చెనక్కాయలు కట్టి పంపాడు. నేనైనా నీకు అట్లా విడమరిచి రాయాల్సింది. గుత్త అని నేనే రాశాను, ఆయన పైకి అన్నమాట రాశాను, లోపలిది రాయలేదు.

ఆ మూట అటక మీద ఉంది. ఎవ్వరూ ముట్టుకోవడం లేదు.

వదిన.


హైదరాబాదు,
14 సెప్టెంబరు 2003.

వదినమ్మకు,

ఆ మూట గురించి తలుచుకోని రోజు లేదు. అన్న పేర రెండు జాబులు రాశాను, జవాబు లేదు. విప్పాడో లేదో కూడా తెలియదు.

పేపర్లో మన వైపు కరువు గురించి చదువుతుంటే ఇక్కడ కూర్చోబుద్ధి కావడం లేదు. ఇప్పుడు మా దగ్గర బల్లలూ పెన్సిళ్ళూ పోయాయి, అంతా కంప్యూటర్లే. కొత్త బొమ్మ తెప్పించుకుని మన చేను చూశాను. చుట్టూ తెల్లగా కాలిపోయింది. గుట్టకు పడమట ఆ సన్నటి ఎర్ర గీత ఇంకా ఉంది వదినా. ఇంత కరువులోనూ ఉంది. నేను సెలవు పెట్టి వచ్చి, మనుషుల్ని పెట్టి బావి తవ్విస్తాను. ఒప్పుకో.

ముద్దుకృష్ణ.


బోడిగుట్టపల్లె,
5 అక్టోబరు 2003.

ముద్దుకృష్ణకు,

వద్దు నాయనా. ఆయన బతికుండగా నువ్వొచ్చి తవ్వి నీళ్ళు పడితే, ఆయన ఊర్లో తలెత్తుకుని తిరగలేడు. పడకపోతే నువ్వు తిరగలేవు. మళ్ళీ మీ ఇద్దరి మధ్యా నేనే.

మీ అన్న ఇంట్లో లేడు. కుప్పంలో రాళ్ళు పాలిష్ పట్టే యార్డులో కాపలాకు కుదిరాడు. “రాళ్ళే గదా కోరుకున్నెది, రాళ్ళ కాడనే ఉంటా” అని నవ్వుతూ పోయాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. నెలకోసారి అలావుద్దీన్ వ్యానులో వస్తాడు. వచ్చినప్పుడు పడమటి చేను గట్టు మీద ఒక్కడే కూర్చుంటాడు. నీ జాబులు రెండూ పెట్టెలో మడతపెట్టి ఉన్నాయి. విప్పాడు, చదివాడు. జవాబు రాయబోయి, కార్డు మీద ‘చిరంజీవి’ అని రాసి ఆపేశాడు. నేను చూశాను.

ఫోను చేయమని ఇంతకుముందు రాశావు. ఎస్టీడీ బూత్‌లో అరిచి మాట్లాడాలి, ఊరంతా వింటుంది. నాకు కాగితమే నయం.

కాస్త ఓపిక పట్టు. వానలు పడనీ. మనుషుల మనసులు కూడా వానలతో పాటే మెత్తబడతాయి.

రాజేశ్వరమ్మ.


బోడిగుట్టపల్లె,
18 డిసెంబరు 2005.

చిరంజీవి ముద్దుకృష్ణకు,

కర్మ అయ్యాక బస్సు దగ్గర నన్నడిగావు, “వదినా, మాయన్నను ఆ రాళ్ళలో యాల పెట్టినారు? పడమటి సేన్లో మెత్తటి నేల ఉండంగా?” అని. నేను తల తిప్పుకున్నాను. చిన్నోడు తట్టుకోలేడు, చెప్పొద్దని అందరూ నా దగ్గర మాట తీసుకున్నారు. ఇంతకు ముందొకసారి చెప్పకుండా దాచి ఏం చూశామో నీకూ నాకూ తెలుసు. అందుకని రాస్తున్నాను. కూర్చుని చదువు.

కుప్పంలో ఆయన తెల్లవారి టీ తాగి మంచం మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. గుండె అన్నారు. అలావుద్దీన్ తన వ్యానులోనే తెచ్చాడు. వారమంతా వాన. ఇన్నేళ్ళు పడనిదంతా ఒక్కసారి పడింది, చెరువులన్నీ అలుగు పారుతున్నాయి. నువ్వెక్కిన రైలు దారిలో ఆగిపోయిందని కబురొచ్చింది. ఇక ఉంచడానికి లేదన్నారు.

గుట్టకు తూర్పున నాయనను పెట్టిన చోటి పక్కన పెడదామంటే ఆ చుట్టూ గుంత, రాతి చెక్కలు. గోపాలస్వామి మామే అన్నాడు, “పడమటి సేన్లో పెడదాం. సిన్నోనిదైతే ఏమి, వాని అన్నే గదా” అని. నేను వద్దనలేదు. బతికుండగా ఆ చేనులో బావికి గడ్డపార దించని మనిషి, ఇట్లాగైనా నీ నేలలో ఉంటాడు, ఇట్లాగైనా నీ దగ్గర పుచ్చుకుంటాడు అనుకున్నాను.

చోటు నేను చూపించలేదు, నమ్ము. తవ్వేవాళ్ళే మెత్తగా ఉందని కానుగ చెట్టుకు ఇవతల మొదలుపెట్టారు. నన్ను గట్టు మీద కూర్చోబెట్టారు, అక్కడికి కనబడుతోంది. నడుము లోతుకు తడిమట్టి వచ్చింది. వానకు నానిందనుకున్నారు. ఇంకొంచెం దించేసరికి పక్క నుంచి ఊట మొదలైంది. చెంబులతో తోడారు. తోడేకొద్దీ ఊరింది. లోపలున్న మనిషికి మోకాళ్ళదాకా వచ్చాయి. వాడు ఏ సందర్భమో మరిచిపోయి, “నీళ్ళప్పా! నీళ్ళు పడినాయి!” అని అరిచాడు. అరిచి, నాలుక కరుచుకుని, గుంతలోనే తలవంచుకుని నిలబడ్డాడు.

పక్కనే పాడె మీద మీ అన్న ఉన్నాడు. జీవితమంతా ఆ కేక కోసం చూసిన మనిషి. లేచి ఒక్కసారి చూస్తే ఏం పోయేది?

“నీళ్ళల్లో ఎట్ల పెట్టేదప్పా” అన్నారు. మళ్ళీ మోసుకుని గుట్ట దాటించి నాయన పక్కకే తీసుకుపోయారు. అక్కడ లోతుకు దిగలేదు, రాయి తగిలింది. దిగినంతలోనే పెట్టి, మట్టి చాలక, గుట్టలోంచి పగలగొట్టిన ఆ నల్లరాళ్ళే పైన పేర్చారు. నువ్వు చూసిన రాళ్ళు అవే.

అలావుద్దీన్ ఒక మాట చెప్పాడు. పోయిన నెల వానలు మొదలైనప్పుడు కుప్పంలో ఆయన అన్నాడట, “ఈ తూరి సిన్నోణ్ణి పిలిపిస్తా. వాని సేతనే టెంకాయ కొట్టించి కానుగ సెట్టు కాడ బావి తవ్విస్తా” అని. నిజంగా అన్నాడో, నన్ను ఓదార్చడానికి అలావుద్దీన్ కల్పించాడో నాకు తెలియదు. అడగలేదు. అన్నాడనే నేను నమ్ముతున్నాను, నువ్వూ నమ్ము.

అటక మీది మూట కుట్టు విప్పాను. ఎలుకలు కొట్టినవి పోగా కొన్ని మిగిలాయి. రూపతో పంపుతున్నాను. ముక్కిపోయాయి, తినడానికి పనికిరావు. ఊరికే ఉంచుకో. ఈసారి వెనక్కి పంపొద్దు.

ఆ గుంతను పూడ్చనివ్వలేదు. ఊర్లో అరిష్టమన్నారు, అననీ. వాన వెలిశాక కూడా నీళ్ళు తగ్గలేదు, బురద దిగి తేటపడ్డాయి. నువ్వు చెప్పిందే నిజమైంది. ఆ మాట ఎవరికి చెప్పాలో ఆయనే లేడు.

నిన్న పొద్దున మొదటిసారి ఆ నీళ్ళలో కడవ ముంచాను. ఇంటికి తెచ్చుకోబుద్ధి కాలేదు. నెత్తిన పెట్టుకుని గుట్ట దాటి పోయి, ఆయన మీద పేర్చిన రాళ్ళ మీద పోశాను. ఏజెంటు ఆ రోజు తడిపి చూసినప్పటిలాగే నల్లగా మెరిశాయి. ఆరేదాకా అక్కడే కూర్చుని ఇంటికి వచ్చాను.

నీ వదిన
రాజేశ్వరమ్మ.